లేత్ షాపుకు డ్రాయింగ్ ఇచ్చే ముందు

ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టుల టైమ్ దగ్గరపడింది. వరంగల్ ములుగు రోడ్డు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కు డ్రాయింగ్ పట్టుకెళ్లే ముందు ఇవి చూసుకోండి.

– కొలతను టైప్ చేసి దిద్దారా? అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. పైన 40 అని కనిపిస్తుంది, గీత మాత్రం 38 దగ్గరే ఉంటుంది. లేజర్ కటింగ్ మిషన్ గీతనే చూస్తుంది, అంకెను కాదు. నా బేస్ ప్లేటు ఒకటి ఇలాగే తుక్కులో పడింది. ఆటోక్యాడ్‌లో (డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్) ఆ డైమెన్షన్ ప్రాపర్టీస్ తెరిచి, టెక్స్ట్ ఓవర్‌రైడ్ దగ్గర (అసలు కొలతకు బదులు మనం టైప్ చేసింది ఉండే చోటు) అంకె ఉంటే చెరిపేయండి. మార్చాల్సింది గీతను.

– ప్రొజెక్షన్ గుర్తు ఉందా? వస్తువును ఒక్కో వైపు నుంచి చూసి గీసిన బొమ్మలను, అంటే వ్యూలను, షీటు మీద ఏ పద్ధతిలో అమర్చారో అది చెబుతుంది. మన దగ్గర ఫస్ట్ యాంగిల్, అమెరికా షీట్లలో థర్డ్ యాంగిల్. పొరబడితే కుడివైపు రంధ్రం ఎడమకు పోతుంది.

– యూనిట్లు మిల్లీమీటర్లేనా? అంగుళాలైతే 25.4 రెట్లు తేడా.

– బేరింగ్ కూర్చునే చోట టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా వరకు ఫర్వాలేదో) రాయండి. ఉత్త 25 అని రాస్తే లేత్ నడిపే టర్నర్ అన్న తన అలవాటు కొద్దీ తీస్తాడు. అలాగని అన్ని కొలతలకూ పెట్టకండి, రేటు పెరుగుతుంది.

– ఒకే కొలత రెండు వ్యూల్లో వద్దు. ఒకటి మార్చి రెండోది మరిచిపోతాం.

– వ్యాసానికి Ø, వ్యాసార్ధానికి R గుర్తు తప్పనిసరి.