పాత డీజిల్ జీపు లైన్లో గాలి పట్టేస్తే – నా అనుభవం

మా పాత డీజిల్ జీపు స్టార్టయిన కాసేపటికే ఆగిపోయేది, సెల్ఫ్ ఎంత కొట్టినా మళ్ళీ అందుకునేది కాదు, ట్యాంకులో డీజిల్ ఉంది, బ్యాటరీ బానే ఉంది, అంటే డీజిల్ లైన్లో గాలి పట్టినట్టే అని డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) కొంచెం లూజ్ చేసి చేతిపంపు కొట్టా. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆఖరికి శుభ్రంగా డీజిల్ ధార, పంపు కొడుతూనే స్క్రూ బిగించేశా. స్టార్ట్!

కానీ గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో పట్టుకోవాలి కదా. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్ లాగే పంపు) దాకా లైను పీల్చుకునే వైపు, అక్కడ సందుంటే బండి నడిచేటప్పుడు డీజిల్ కారదు, గాలే లోపలికి పోద్ది. చూస్తే బాంజో బోల్టు (డీజిల్ పైపును బిగించే బోలు బోల్టు) కింద రాగి వాషర్ నొక్కుకుపోయి ఉంది, కొత్తది వేశా. 1941 విల్లీస్ (అమెరికా సైన్యం జీపు) వంశం బళ్ళంటే మాకు ప్రాణం ఇందుకే, బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. వాషర్లు రెండు ఎక్స్‌ట్రా డాష్‌బోర్డులో పడేసుకోండి.