టెక్స్ట్ రోల్‌ప్లే: పాత్రను నడపడం, కథను కదిలించడం

1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే, చాలామంది కలిసి ఆడే కంప్యూటర్ ఆటలోనూ, ఇవాళ్టి డిస్కార్డ్ అనే చాట్ యాప్ సర్వర్లలోనూ టెక్స్ట్ ఆట అంటే తెర మీద ఉండేది అక్షరాలే. పాత్ర ఏం చేసిందో, ఏమందో మీరు రాస్తారు. అది చదివి అవతలివాళ్లు తమ పాత్రతో బదులిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో సొంత కథ రాసుకునే చోటనుకుని దిగుతారు, ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. కథలో మీ చేతిలో ఉన్నది ఒక పాత్రే. పోస్టు పంపే ముందు ఒక్కటి చూసుకోండి: ఇది చదివాక అవతలివాళ్లకు రాయడానికేమైనా మిగిలిందా?

పాత్రను కట్టడం

కళ్ల రంగు, ఎత్తు, వంశచరిత్రలతో ఐదు పేజీల ప్రొఫైల్ రాసేవాళ్లున్నారు. ఆటలో అందులో పదోవంతు కూడా బయటికి రాదు. నాలుగు సంగతులు తేలితే చాలు: పాత్రకు ఇప్పుడు ఏం కావాలి, దాన్ని ఒంటరిగా ఎందుకు సాధించలేకపోతోంది, ఏ పని చేతకాదు, ఏం దాస్తోంది.

"రాజు మీద పగబట్టిన యోధుడు" అని రాస్తే రాజు కనబడేదాకా అతనికి పనే లేదు. అదే, "కుడిచెయ్యి వణికే విలుకాడు, పేరు కేశవుడు. తప్పిపోయిన తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, చదవడం రాదు" అంటే మొదటి సీన్‌లోనే వైద్యం తెలిసినవాళ్లు, చదువొచ్చినవాళ్లు, ఆ ఉత్తరం కాజేయాలనుకునేవాళ్లు ఎవరైనా కథలోకి రావచ్చు. చేతగానితనమే మిగతా పాత్రలకు దారి ఇస్తుంది.

మూలన కూర్చుని ఎవరితోనూ మాట్లాడని ఒంటరి వీరుడి పాత్ర ప్రతి గుంపులోనూ ఒకటుంటుంది. దాన్ని పలకరించడానికి ఎవరికీ కారణం దొరకదు. అలాంటి పాత్రే కావాలంటే దానికొక పని అంటగట్టండి: కాపలా, బాకీ వసూలు, ఎవరినో వెతకడం. మాట్లాడటం ఇష్టం లేకపోయినా మాట్లాడక తప్పని స్థితి ఉంటే ఆ ముభావానికీ విలువ వస్తుంది.

పోస్టు రాయడం

ముందు అవతలివాళ్ల పోస్టుకు స్పందన, తర్వాత మీ పాత్ర చేత లేదా మాట, చివర అందుకోవడానికి ఒక కొస. ఉదాహరణకు, "ఇంత రాత్రివేళ ఎవరు?" అంటూ వైద్యురాలి పాత్ర తలుపు తీసిందనుకోండి. దానికి ఇలా రాస్తే కుదరదు:

కేశవుడు ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి కూర్చున్నాడు. ఆమెను నమ్మాలో వద్దో అతనికి తేలలేదు.

అడిగిన ప్రశ్న గాలికిపోయింది. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది ఆమె తేల్చాల్సింది, దాన్ని మీరే తేల్చేశారు. మనసులోని అనుమానం ఆ పాత్రకు కనబడదు కాబట్టి దానికి బదులివ్వడం కుదరదు. ఇలా మార్చి చూడండి:

కేశవుడు గడప దగ్గరే ఆగాడు. "చెయ్యి చూపించుకుందామని వచ్చా" అన్నాడు గానీ చూపు మాత్రం ఆమె వెనకున్న పుస్తకాల మీదుంది. రొండిన దోపుకున్న ఉత్తరం కొస బయటికి కనబడుతోంది. "మీకు చదవడం వచ్చా?"

ఇప్పుడామె చెయ్యి చూడొచ్చు, ఉత్తరం సంగతి అడగొచ్చు, ఆ చూపును అనుమానించొచ్చు, తలుపు వేసేయొచ్చు. ఏ ఆలోచన రాసినా దాని జాడ ఒకటి ముఖంలోనో చేతల్లోనో చూపించడం అలవాటు చేసుకోండి.

నిడివి అవతలివాళ్లు రాసినదానికి అటూఇటూగా ఉంటే మేలు. డిస్కార్డ్‌లో మామూలు ఖాతాకు మెసేజీకి 2000 క్యారెక్టర్లే. తెలుగులో గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయి: 'స్త్రీ' ఒక్కటే ఆరు. కాబట్టి ముందు నోట్స్‌లో రాసుకుని అతికించండి. ఆట బయటి మాటలను, అంటే ఓఓసీని, రెండేసి బ్రాకెట్లలో పెట్టడం చాలాచోట్ల వాడుక. వేరే ఛానల్ ఉంటే ఇంకా నయం.

దెబ్బలాటలు, డైస్

"కత్తి దూశాడు, వాడి భుజం తెగింది" అని రాయడాన్ని పవర్‌ప్లే అంటారు. మీరు రాయాల్సింది ప్రయత్నం వరకే: "భుజం మీదికి కత్తి ఎత్తాడు." తెగిందా తప్పించుకున్నాడా అన్నది ఆ పాత్ర నడిపేవాళ్లు రాస్తారు. వాళ్లేమో ప్రతిసారీ తప్పించుకుంటూ పోతే అది గాడ్‌మోడింగ్. మూడు దెబ్బల్లో ఒకటైనా తగలాలని ముందే మాట అనుకుంటే గొడవ ఉండదు.

తేలకపోతే డైస్ బాట్, అంటే పాచికలు వేసిపెట్టే ప్రోగ్రామ్, వాడండి. ఇరవై ముఖాల పాచికలో 12, ఆ పైన పడితే గెలుపు అనుకుంటే అవకాశం 45 శాతం. ఎంత పడాలో, ఓడితే ఏమవుతుందో రెండూ వేసేముందే చెప్పుకోవాలి, వేశాక బేరాలొద్దు. ఓటమి వల్ల కథ ఆగిపోయే చోట అసలు వేయకండి.

మీరు చదివినది మీ పాత్రకు తెలిసిపోయినట్టు నడపడం మెటాగేమింగ్. వేరే థ్రెడ్‌లో జరిగిన కుట్ర చదివి, మర్నాడే మీ పాత్ర అక్కడ "అనుకోకుండా" ప్రత్యక్షమైతే అందరికీ అర్థమైపోతుంది. పాత్రకు ఏం తెలుసో, ఎవరి ద్వారా తెలిసిందో ఒక చిన్న జాబితా పెట్టుకోండి.

కథను కదిలించడం

కథను నడిపించే గేమ్ మాస్టర్ ముగింపు రాసిపెట్టుకుంటే ప్లేయర్లను దానివైపు లాక్కెళ్లక తప్పదు, అది వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ముగింపుకు బదులు ఒత్తిడి రాసుకోండి: ఎవరూ అడ్డుపడకపోతే ఏం జరుగుతుంది? వరద ఆనకట్ట దాకా వస్తుందనుకోండి. కాగితం మీద ఆరు గళ్లు గీయండి. పాత్రలు కాలయాపన చేసినప్పుడూ, పని చెడినప్పుడూ ఒక గడి నింపి, సీన్‌లో దాని గుర్తు చూపండి: నీటిరంగు మారింది, పశువులు బెదురుతున్నాయి. ఆరూ నిండితే ఆనకట్ట తెగాల్సిందే. ఇక్కడ జాలిపడి ఆపేస్తే తర్వాతి ప్రమాదాన్ని ఎవరూ లెక్కచేయరు.

ముఖ్యమైన ఆధారం ఏదైనా కనీసం మూడు చోట్ల పెట్టండి. ఒకటి చూడరు, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు.

సీన్‌ను ఆలస్యంగా మొదలుపెట్టి త్వరగా ముగించండి. ప్రయాణం, పలకరింపులు రాస్తూ కూర్చుంటే గుమ్మం దాటేసరికే వారం గడుస్తుంది. రెండు రౌండ్లపాటు కొత్త నిర్ణయం గానీ కొత్త సమాచారం గానీ రాకపోతే సీన్ అయిపోయినట్టే. "మర్నాడు తెల్లవారేసరికి" అని కోసేయండి.

ఒక సీన్‌లో నలుగురు మించితే వరస పాటించడం కష్టం. మడ్ తరహాలోనే నడిచే మష్ ఆటల్లో ఒక పద్ధతుంది: మీ తర్వాత ముగ్గురు రాశాక మీరు మళ్లీ రాయొచ్చు, అందరి కోసం ఆగక్కర్లేదు. రోజుకొకటి రాసే గుంపుల్లో 48 గంటల గడువు పెట్టి, దాటితే ఆ పాత్రను దాటేసి ముందుకెళ్లండి. సీన్ ముగిశాక ఐదు లైన్ల సారాంశం పిన్ చేస్తే తిరిగొచ్చినవాళ్లు తేలిగ్గా కలుస్తారు.

హింస, ప్రేమ వంటివి ఎంతవరకు అన్నది మొదటి సీన్‌కు ముందే ఓఓసీలో తేల్చుకోవాలి. శృంగారం పెద్దవాళ్ల మధ్యే, అదీ ఇద్దరూ సరేనంటేనే. మైనర్లున్న చోట దాని ఊసే వద్దు. పాత్రలు తిట్టుకున్న సీన్ తర్వాత ఓఓసీలో ఒక మాట పలకరించుకోండి, అక్షరాల్లో గొంతు వినబడదు మరి.

మధ్యలో మానేసేవాళ్లుంటారు. వాళ్ల పాత్రను అడగకుండా చంపకండి, పెళ్లి చేయకండి. దూరపు పని మీద పంపించి, వాళ్ల దగ్గరున్న ముఖ్యమైన వస్తువునో రహస్యాన్నో వెళ్లేముందు ఇంకో పాత్రకు అప్పగించినట్టు గేమ్ మాస్టర్ రెండు లైన్లు రాస్తే సరిపోతుంది.