సభకు అనుమతి - నాలుగో పాఠం: ముందు ఉత్తర్వు చదవండి

పోయినసారి అభ్యాసంలో చాలామంది ఒకటే రాశారు: "మా ఊళ్లో 144 ఉంది, దరఖాస్తు పెట్టడం దండగ." అందుకని ఇవాళ్టి మైకుల పాఠం వాయిదా వేసి దీని సంగతే చూద్దాం. సభ జరుపుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 19వ అధికరణం, ఆ హక్కు మీద పెట్టగల సహేతుకమైన ఆంక్షలు మీకు వచ్చినట్టే లెక్క.

144 అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని నిషేధ ఉత్తర్వుల సెక్షన్. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో, ఆ కోడ్‌కు బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షన్ వచ్చింది. నోటితో 144 అనే అనండి, నేనూ అంటాను. కాగితం మీద మాత్రం 163.

నాకు ఒళ్లు మండేది "నలుగురు కలిస్తే నేరం" అన్న మాటకి. సెక్షన్ తనంతట తాను ఎవరినీ ఆపదు. ఉత్తర్వు ఇచ్చే అధికారాన్ని కలెక్టరుకో, ఆర్డీవోకో, కమిషనరేట్‌లో అయితే కమిషనరుకో ఇస్తుంది. మిమ్మల్ని ఆపేది ఆ ఉత్తర్వు, అదీ అందులో రాసినంత మేరకే. ఇంటర్ పరీక్షలప్పుడు చూడండి: కేంద్రం చుట్టూ ఫలానా దూరం, ఫలానా గంటలు, జిరాక్స్ షాపులు మూసెయ్యాలి. ఆ గంటలు దాటాక సాయంత్రం అదే వీధిలో ప్లకార్డు పట్టుకుంటే ఆ ఉత్తర్వు మీ జోలికి రాదు. ఉత్తర్వులో "ఐదుగురికి మించి" అని ఉంటే సరే, లేకపోతే ఆ లెక్క మీరు తెచ్చి పెట్టకండి. చట్టవిరుద్ధ సమూహం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 189వ సెక్షన్‌లోనూ ఐదుగురు ఉంటారు కానీ, అక్కడ తలలు లెక్కపెడితే చాలదు, చట్టం చెప్పిన ఉమ్మడి ఉద్దేశం కూడా ఉండాలి.

గడువు రెండు నెలలు. రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే మరో ఆరు నెలల వరకు. ఇలాంటి ఉత్తర్వులు ప్రచురించాలనీ, ఒకదాని వెనక ఒకటి ఇస్తూ పోవడం అధికార దుర్వినియోగమనీ 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో (కశ్మీర్‌లో ఆంక్షల మీద వేసినది) సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో, రోడ్డును నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదనీ చెప్పింది. రెండూ గుర్తుంచుకోండి, నచ్చింది ఒక్కటే కాదు.

"సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్నది వేరే సరుకు, 1861 నాటి పోలీసు చట్టం. అది సభల్ని క్రమబద్ధం చేయడానికి. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత దాన్ని పట్టుకునే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 జనవరిలో జీవో 1 తెచ్చి రోడ్లపై సభలకు అడ్డుకట్ట వేసింది. మే నెలలో హైకోర్టు కొట్టేసింది.

అభ్యాసం: మీ జిల్లాలో ఈమధ్య వచ్చిన నిషేధ ఉత్తర్వు ఒకటి సంపాదించండి. పత్రికలో వచ్చిన వార్త చాలదు, ఉత్తర్వు కాపీయే కావాలి. ఎవరు ఇచ్చారు, ఎక్కడ, ఎప్పటిదాకా, ఏ కారణంతో అన్నవి గీత గీయండి. కారణం దగ్గర గీయడానికి ఏమీ దొరక్కపోతే, 163(5) కింద దాన్ని రద్దు చేయమని ఒక పేజీ అర్జీ రాయండి. పేజీ దాటితే నేను చదవను.