అమెరికా నుంచి ఫోన్ తెచ్చేముందు లాక్ చూసుకోండి

అమెరికాలో వాయిదాల మీద కొన్న ఐఫోన్‌ను ఇంటికి తెచ్చాక, అమ్మిన నెట్‌వర్క్ సిమ్ తప్ప మరొకటి పనిచేయకుండా దానికి లాక్ వేసి ఉండటంతో ఇక్కడి సిమ్ దానిలో పనిచేయకపోవడం చాలామందికి ఎదురయ్యే చికాకే. బయలుదేరడానికి కొన్ని వారాల ముందే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి చూడండి. ‘క్యారియర్ లాక్’ అన్న చోట ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే చింత లేదు. లేకపోతే వాయిదాల బాకీ మొత్తం తీర్చి, *#06# నొక్కినప్పుడు కనిపించే 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) సంఖ్యతో, ఫోన్ ఏ నెట్‌వర్క్‌కు లాక్ అయి ఉందో ఆ సంస్థకే అన్‌లాక్ కోసం దరఖాస్తు పెట్టాలి. బజారులో ఎవరికో డబ్బు పోయడం కన్నా ఇదే నయం. అయితే, పోయిందని ఫిర్యాదు నమోదైన ఫోన్‌ను ఏ సంస్థా అన్‌లాక్ చేయదు కనుక, సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఆ సంగతి ముందే కనుక్కోవాలి. అన్నట్టు, ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకు సిమ్ కార్డు పెట్టే అర అసలు లేదు, ఇక్కడ ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్) తీసుకోవాల్సిందే.