క్లాస్ యాక్షన్ రాజీ న్యాయమైనదో కాదో తేల్చుకోవడం ఎలా

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి కూడా, ఫలానా కంపెనీ మీద వేసిన క్లాస్ యాక్షన్ దావా (ఒకే రకంగా నష్టపోయిన అందరి తరఫున కొందరు వేసే దావా) రాజీకి వచ్చిందనీ, అందులో తామూ భాగస్థులమేననీ చెప్పే నోటీసులు వస్తుంటాయి. వాటిని ఫెడరల్ న్యాయమూర్తి పరిశీలించే పద్ధతిలోనే చదవడం మంచిది. ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ 23వ నిబంధన ప్రకారం కోర్టు ఆమోదం లేనిదే ఇలాంటి రాజీ చెల్లదు. సత్యం కుంభకోణంలో అమెరికా మదుపర్లకు దక్కిన 12.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి కూడా న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఆమోదం కావలసివచ్చింది. బేరం కుదిరాక వాదుల లాయర్లు, ప్రతివాది కంపెనీ ఒకే మాట మీద ఉంటారు కనుక, కోర్టుకు రాని లక్షలమంది మేలు చూడవలసిన బాధ్యత న్యాయమూర్తి మీద పడుతుంది.

ముందుగా, రెండు పక్షాలూ నిజంగా పోరాడి, పత్రాలు పరిశీలించాకే రాజీకి వచ్చాయా అన్నది చూడండి. తర్వాత మొత్తాన్ని విచారణలో రాగల ఫలితంతో పోల్చండి. గెలిస్తే 90 కోట్లు రావచ్చుననీ, గెలిచే అవకాశం మూడింట ఒక వంతేననీ అనుకుంటే, అప్పీళ్లకు పట్టే ఏళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడు 25 కోట్ల రాజీని తక్కువనలేము.

అయితే పెద్ద అంకె కన్నా, అది ఎవరికి ఎంత చేరుతుందన్నదే ముఖ్యం. 2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ సమాచార సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల చేతిలో పడ్డాయి. రాజీలో క్రెడిట్ మానిటరింగ్ సేవకు (మన పేరు మీద ఎవరైనా అప్పులు తీసుకుంటున్నారేమో కనిపెట్టే సేవకు) బదులుగా 125 డాలర్ల వరకు నగదు ఇస్తామన్నారు గాని, దానికి కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే. అంటే 2,48,000 మంది అడిగితే చాలు, ఆ నిధి ఖాళీ అవుతుంది. అయినా కోర్టు ఆ రాజీని ఆమోదించింది. 2021లో 11వ సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్లు వినే) అప్పీలు కోర్టు దాన్ని చాలావరకు నిలబెట్టి, ప్రతినిధులుగా నిలిచిన వాదులకు విడిగా ఇవ్వజూపిన పారితోషికాలను మాత్రం కొట్టివేసింది.

లాయర్ల ఫీజును మరింత అనుమానంగా చూడాలి. 9వ సర్క్యూట్ అప్పీలు కోర్టు పరిధిలో ఫీజుకు నిధిలో 25 శాతాన్ని ప్రామాణికంగా తీసుకుంటారు. బ్లూటూత్ హెడ్‌సెట్ల కేసులో లాయర్లకు 8 లక్షల డాలర్ల వరకు ఫీజు ఉండగా, కొనుగోలుదారులకు నగదు పరిహారమే లేదు; 2011లో అదే అప్పీలు కోర్టు ఆ ఆమోదాన్ని రద్దు చేసి, కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. ఫీజు అడిగితే అభ్యంతరపెట్టబోమని కంపెనీ ముందే ఒప్పుకోవడం, కోర్టు తగ్గించిన ఫీజు తిరిగి కంపెనీకే చేరడం ఆ కోర్టు ఎత్తిచూపిన ప్రమాద సూచనలు. నోటీసులో ఇవి కనిపిస్తే ఆగి చదవండి.

రాజీ నచ్చకపోతే, గడువులోగా కేసు నుంచి తప్పుకొని సొంతంగా దావా వేసుకునే హక్కు నిలుపుకోవచ్చు, లేదా సభ్యుడిగా ఉంటూ అభ్యంతరం తెలపవచ్చు. తప్పుకున్నవారికి అభ్యంతరం చెప్పే హక్కు ఉండదు. "ఇది అన్యాయం" అని రాసి ఊరుకోకుండా, ఏ షరతు ఎవరికి ఎలా నష్టమో వివరంగా రాయాలి. ఒప్పందాన్ని న్యాయమూర్తి తానే తిరగరాయలేరు. ఆమోదించడమో తిరస్కరించడమో మాత్రమే చేయగలరు. అందుకే తిరస్కరించడానికి తగిన ఆధారం ఆ అభ్యంతరంలోనే ఉండేలా రాయండి.