ఊరికి ఎలక్ట్రిక్ సిటీ బస్సులు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు బస్సుల సంఖ్య తేల్చండి. రూటు రానుపోను 30 కి.మీ., వేగం గంటకు 15 కి.మీ. అనుకుంటే తిరుగుడుకు 120 నిమిషాలు, చివర్ల ఆగడానికి 20. పది నిమిషాలకో బస్సు కావాలంటే 140ని 10తో భాగించండి: 14 బస్సులు. రిపేర్లకు మరో 2.

ఇక డబ్బు. 2023లో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద 9 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 22 రూపాయలు, 12 మీటర్ల బస్సుకు 24 చొప్పున పదేళ్లు సాయం అందుతుంది. ఉదాహరణకు కిలోమీటరు ఖర్చు అన్నీ కలిపి 60, టికెట్ల రాబడి 30, సాయం 22 అనుకుందాం. మిగిలిన 8 రూపాయల లోటు ఎవరు భరించాలి? 14 బస్సులు రోజుకు 200 కి.మీ. తిరిగితే ఏడాదికి దాదాపు 82 లక్షలు. దీన్ని బడ్జెట్‌లో రాయించి, ఎస్క్రో ఖాతాలో (ఈ చెల్లింపులకే విడిగా ఉంచే బ్యాంకు ఖాతా) బస్సులు నడిపే కంపెనీకి ఇవ్వాల్సిన బిల్లు కనీసం మూడు నెలలది ముందే ఉంచండి. బిల్లులు ఆలస్యమవుతాయన్న అనుమానం ఉంటే కంపెనీలు టెండర్‌లోనే రేటు పెంచి కోట్ చేస్తాయి. ఒప్పందం 12 ఏళ్లయితే చివరి రెండేళ్ల సాయం లోటు కూడా లెక్కలో ఉండాలి.

తరచూ బెడిసికొట్టేది కరెంటే. బస్సులు దిగాక సబ్‌స్టేషన్ పని మొదలుపెడితే అవి డిపోలోనే పడుంటాయి. అందుకే టెండర్ కన్నా ముందే డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) దరఖాస్తు పెట్టండి. డిపో ఊరవతల వద్దు; ఖాళీగా తిరిగే కిలోమీటర్లకూ బిల్లు పడొచ్చు.