పీచు పెంచితే గ్యాస్ ఎందుకు? పేగులకు మెల్లగా అలవాటు చేసే పద్ధతి

పీచు మంచిదని విని రాత్రికి రాత్రి తిండి మార్చేసేవాళ్లు చాలామంది వారం తిరక్కుండానే కడుపుబ్బరం వచ్చి మానేస్తారు. తప్పు పీచుది కాదు, తొందరది.

మన జీర్ణరసాలకు పీచు లొంగదు. చిన్నపేగు దాటి అలాగే పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే ఆమ్లాలు తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి పొర కణాలకు ముఖ్యమైన ఇంధనం ఈ బ్యుటిరేటే. పులిసేటప్పుడు గ్యాస్ పుట్టక తప్పదు. కొద్దిపాటి గ్యాస్ జబ్బు కాదు, లోపల పని జరుగుతోందని అర్థం.

ముందు మూడు రోజులు ఇప్పుడు తింటున్నది తింటున్నట్టే రాసుకుని, రోజుకు ఎన్ని గ్రాముల పీచు అందుతోందో లెక్క వేయండి. పెద్దవాళ్లకు సుమారు 25 నుంచి 30 గ్రాములు కావాలి. లెక్కలో 12 వచ్చిందనుకుందాం. మొదటి వారం 17 చేయండి, కడుపు కుదురుగా ఉంటే రెండో వారం 22. ఉబ్బరం ఎక్కువైతే పాత మోతాదుకు వెనక్కి వచ్చి, ఇంకో వారం అక్కడే ఆగండి. ఐదు గ్రాములంటే ఉడికిన శనగలు 70 గ్రాములు, లేదా పొడి ఓట్స్ 50 గ్రాములు. తొక్కతో తిన్న ఒక మోస్తరు యాపిల్‌లో నాలుగు గ్రాముల పైచిలుకు ఉంటుంది. రోజూ ఒకే దినుసు పట్టుకుని వేలాడకండి. రకరకాల పీచు మీద రకరకాల బ్యాక్టీరియా బతుకుతుంది.

చిక్కుళ్ల జాతి గింజలతోనే గొడవంతా. వాటిలోని రాఫినోస్, స్టాకియోస్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో లేదు. గింజల్ని 8 నుంచి 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. చక్కెరలు కొంత ఆ నీళ్లతోనే పోతాయి. రాజ్మాను మాత్రం కనీసం పది నిమిషాలు తెర్లనివ్వాలి. సన్నటి వేడి మీద సగం ఉడికినవి తింటే వాంతులవుతాయి, ఎందుకంటే వాటిలోని లెక్టిన్ అనే విషపదార్థం అంత తక్కువ వేడికి పోదు.

పీచు కోసం ఇసబ్గోల్ పొట్టు వాడితే పెద్ద గ్లాసుడు నీళ్లతో కలిపి వెంటనే తాగేయాలి. నీళ్లు చాలకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. వేసుకునే మందులకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచండి.

పెరుగు లాంటి పులిసినవి కూడా మంచివే. కాకపోతే పులిశాక మరిగిస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మేలుచేసే బ్యాక్టీరియా నింపి అమ్మే ప్రొబయోటిక్ మాత్రల సంగతి వేరు. ఒక రకం బ్యాక్టీరియాకు రుజువైన ఫలితం ఇంకో రకానికి వర్తించదు, కాబట్టి డబ్బా మీద రకం పేరు పూర్తిగా లేని మాత్ర కొనడం దండగ. మలం పంపితే మైక్రోబయోమ్, అంటే పేగుల్లోని బ్యాక్టీరియా సముదాయం మీద రిపోర్టు ఇస్తామనే పరీక్షలూ అంతే. వాటిని చూసి ఏం తినాలో తేల్చేంత తెలివిడి ఇంకా రాలేదు.

తేడా తెలియడానికి మలాన్ని గమనించండి. మలాన్ని ఆకారాన్ని బట్టి విడదీసే బ్రిస్టల్ పట్టికలో ఏడు రకాలున్నాయి. పగుళ్లతోనో నున్నగానో పొడవుగా వచ్చే 3, 4 రకాలు సరైనవి. గట్టి ఉండలుగా వస్తే నీళ్లు తగ్గాయేమో చూసుకోండి.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు కనిపిస్తే పీచు సంగతి పక్కనపెట్టి డాక్టరుకు చూపించండి. పేగు ఇరుకైనవాళ్లు, ఈమధ్యే పేగు ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా మొదలే పెట్టకూడదు.